అంకె సరే, చోటు ఏది?

సంపాదకులకు,

సౌర తుపాను వార్తల్లో 10.7 సెంటీమీటర్ల ఫ్లక్స్ (ఆ పొడవు తరంగాల్లో సూర్యుడి నుంచి అందే రేడియో శక్తి) అంకె వేసి ఊరుకుంటున్నారు. అది సూర్యుడి మొత్తం లెక్క. జ్వాల ఏ మచ్చ దగ్గర లేచిందో చెప్పదు. మైక్రోవేవ్‌లలో ఆ చోటు వివరంగా పట్టడానికి ఇంటర్‌ఫెరోమీటర్, అంటే చాలా డిష్‌ల సిగ్నళ్లను కలిపి బొమ్మ తీసే యంత్రం, కావాలి.

జపాన్‌లోని నొబెయామాలో 1992 నుంచి 2020 దాకా 84 డిష్‌లు ఆ పని చేశాయి. ఒక్కోటి 80 సెంటీమీటర్లే. పెద్దవైతే సూర్యబింబం మొత్తం చూపులో పట్టదు మరి! అసలు చిక్కు ఫేజ్‌తో, అంటే ఒక్కో డిష్‌ను తరంగం తన ఊపులో ఏ దశలో చేరిందన్న లెక్కతో. 17 గిగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు 18 మిల్లీమీటర్ల లోపే. గాలిలో తేమ వల్ల సిగ్నల్ దారి ఒక్క మిల్లీమీటరు పెరిగినా ఫేజ్ 20 డిగ్రీలు జరిగి బొమ్మ చెదురుతుంది. సమాన ఎడం, ఒకే దిశ ఉన్న డిష్ జంటలు ఒకే ఫేజ్ చూపాలి కాబట్టి, వాటి మధ్య తేడాలతోనే సరిదిద్దేవారు.

హిందూపురం పొరుగున గౌరీబిదనూరులో ఉన్నది మీటర్ తరంగాల యంత్రం. అది చూసేది కరోనా (సూర్యుడి బయటి వాతావరణం) పైభాగాన్ని. రెంటినీ కలిపేయకండి.