పాపకు, పప్పుల పొడి డబ్బాతో

అనంతపురం
ఆదివారం రాత్రి

చి॥ పాపకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. బుడ్డోడు రేపు తెల్లవారుజామున బెంగళూరుకు బయలుదేరుతున్నాడు, వాడి చేతికి సంచి ఇస్తున్నాం. ఈ ఉత్తరం పప్పుల పొడి డబ్బాలో పెడుతున్నాను, నూనె మరక అంటితే ఏమనుకోవద్దు. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఎత్తితే చెప్తాను. తొమ్మిది రోజులైంది. ‘బిజీ నాన్నా, తర్వాత చేస్తా’ అని మెసేజీ పెట్టావు, ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. పర్వాలేదు, పని ఉంటుంది. నేనేమీ అనుకోవడం లేదు.

ఊళ్ళో విశేషాలు చాలానే ఉన్నాయి. వేపచెట్టు కొమ్మ కరెంటు తీగల మీదికి వాలుతోందని కొట్టించాం. మీ అవ్వకు కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు వంటింట్లో నేను చుక్క నూనె ఒలకబోసినా కనిపెడుతోంది. రాజా మామ ఇంట్లో ఫంక్షన్‌కు వెళ్ళొచ్చాం. వాళ్ళ పెద్దోడు కనిపించాడు. నిన్ను ఆఫీసు దగ్గర చూశాడట. ఆ సంగతి తర్వాత రాస్తాను.

మీ అమ్మకు మోకాలి నొప్పి ఎక్కువై రెండు నెలలుగా పొద్దుటి టిఫిన్ నాదే. నవ్వకు. మొదటి రోజు ఉగ్గాని మొదలుపెట్టి, బొరుగులు నీళ్ళలో పోసి, పేపర్లో ఒక వార్త చదివి వచ్చేసరికి గిన్నెలో జావ ఉంది. ‘పక్కింటి బర్రెకు పెట్టిరా పో’ అంది మీ అమ్మ. ఇప్పుడు చెయ్యి తిరిగింది. నీళ్ళలో ముంచాలి, వెంటనే దోసిలితో తీసి గట్టిగా పిండాలి. పిడికిలి విప్పితే వేళ్ళ అచ్చులు బొరుగుల మీద కనపడాలి, ఒక్క క్షణం ఆగి మళ్ళీ విచ్చుకోవాలి. అంతే లెక్క. ఉల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు తిరగవాతలో వేగాక బొరుగులు వేసి, రెండు చెంచాల పప్పుల పొడి చల్లి, దించాక నిమ్మకాయ పిండు. అన్నీ కలిపి పది నిమిషాలు. బజ్జీలు ఆదివారానికి ఉంచుకో. బళ్ళారి వాళ్ళు దీన్నే ఒగ్గరణె అంటారు, కాబట్టి మీ ఊళ్ళో గట్టి బొరుగులు దొరకవని నాతో చెప్పొద్దు. చాట్ బండి మీద వేసే పల్చటివి మాత్రం తేవద్దు. అయినా సంచిలో రెండు కిలోల బొరుగులు పెట్టాను.

ఎందుకు రాస్తున్నానంటే, రాజా మామ పెద్దోడు ఏం చెప్పాడంటే, నువ్వు పొద్దున ఒక కాఫీ తాగి వెళ్ళిపోతున్నావట. రోజూ అదే టిఫిన్ తినలేక మానేశానన్నావట. అది నాకు అర్థమవుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా ఉప్మా పెడితే నేనూ పారిపోతాను. కానీ రకం మార్చడానికి కొత్త వంటలు నేర్వక్కర్లేదమ్మా. ఉన్నదాన్నే మార్చుకుంటూ పోవడమే. ఆదివారం రాత్రి దోశ పిండి రుబ్బుకో. మూడు పాళ్ళ బియ్యంలో రెండు పాళ్ళు తీసేసి కొర్రలు వేస్తే అదే కొర్ర దోశ, మినప్పప్పు ఎప్పటిలాగే ఒక పాలు. మూడో రోజుకు పిండి పులిసిపోతే పారబోయకు, ఉల్లి, క్యారెట్ తురిమి వేసి గుంతపొంగణాలు పోసుకో. పిండి లేని రోజున రాత్రే పెసలు నానేసుకుంటే పొద్దున మిక్సీలో ఒక తిప్పు, అట్టు రెడీ. అది పులవాల్సిన పనే లేదు. ఓట్స్ తింటానంటే తిను, నేను శత్రువును కాను. కాకపోతే పాలు, చక్కెర వద్దు. ఉడికించి చల్లార్చి మజ్జిగ, ఉల్లిపాయ కలుపుకో, వేయించిన చెనిగ్గింజలు, అదే వేరుశనగలు, గుప్పెడు వెయ్యి. చెనిగ్గింజల్లో నూటికి పాతిక పాళ్ళు మాంసకృత్తులే. మన నేల మీద పండిన పంట, చౌకగా వస్తుందని చిన్నచూపు చూడొద్దు. జొన్నరొట్టె జోలికి మాత్రం పోకు, నీకు తట్టడం రాదు, నాకూ రాదు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందని పేపర్లో చదివి వినిపిస్తే మీ అవ్వ ‘అయితే మిగతా ఏండ్లు ఏం తింటారంట?’ అని అడిగింది.

కాఫీ సంగతి. మానమని అనను, నేనే రెండు తాగుతాను. అమ్మకు రక్తం తక్కువని తేలినప్పుడు డాక్టరమ్మ చెప్పింది గుర్తుందా, తిండితో పాటే కాఫీ, టీ తాగితే ఆ తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదని, ఒక గంట ఎడం ఉంచమని? నిమ్మరసం ఉంటే బాగా పడుతుందని కూడా చెప్పింది. ఉగ్గానిలో నిమ్మకాయ ఊరికే వేయమనలేదు. రక్తం తక్కువైతే కళ్ళు తిరుగుతాయి. నీకు తిరుగుతున్నాయని అనడం లేదు. మామూలుగా చెప్తున్నాను.

నాకు ఒకసారి తిరిగాయి. ఇది నీకు చెప్పలేదనుకుంటాను. 1986లో నేను కండక్టరుగా చేరిన కొత్త, కళ్యాణదుర్గం వైపు మొదటి బండి. నాలుగు గంటలకే లేవాలి. మీ అవ్వ నాకంటే ముందు లేచి రాగి సంగటి కెలికేది. నాకేమో యూనిఫాం వేసుకొని సంగటి ముద్ద తినడం నామోషి, హోటల్లో పూరీ తింటానని చెప్పి వచ్చేసేవాణ్ణి. జీతం రాకముందు పూరీ ఎక్కడిది? ఆ రోజు సంత, బండి నిండా జనం, గంపలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆత్మకూరు దాటాక వెనక సీటు దగ్గర టికెట్టు చింపుతున్నాను, చెవుల్లో హోరు మొదలైంది, ఎదుటి మనిషి ముఖం తెల్లబడుతూ పోయింది. తర్వాత తెలిసింది నేను గంపల మధ్య కూలబడ్డానని. తోలు సంచి బోర్లాపడి చిల్లర సీట్ల కిందికి దొర్లింది. డ్రైవరు బండి పక్కకు ఆపాడు. ఒక పెద్దామె తన సద్దిమూట విప్పి, సంగటి ముద్ద తుంచి, ఊరిబిండి పచ్చడిలో అద్ది నా నోట్లో పెట్టింది. చెయ్యి కూడా కడుక్కోలేదు. అంత రుచి నేను మళ్ళీ ఎక్కడా ఎరగను. ‘యా ఊరు నాయనా నీది? మీయమ్మ బువ్వ పెట్లేదా?’ అంది. మా అమ్మ మీద మాట పడకూడదని ‘పెట్టింది, నేనే తిన్లేదు’ అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు, ఇంకో ముద్ద తుంచింది. జనం చిల్లర ఏరి నా ఒళ్ళో పోశారు. సాయంత్రం డిపోలో లెక్క చూస్తే రూపాయి పావలా తక్కువ, నా జేబులోంచి వేశాను. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పలేదు. మీ అవ్వకు ఇప్పటికీ తెలియదు, నువ్వూ చెప్పొద్దు.

చాలా రాశాను. రాజా మామ పెద్దోడు ఇంకో మాట కూడా అన్నాడు. పోయిన వారం మీ ఆఫీసు మెట్ల మీద తల పట్టుకొని కూర్చున్నావని, ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారని. అతనేదో పొరపాటు పడి ఉంటాడు. మీ అమ్మకు చెప్పలేదు, ఆమె ఇంకో పక్క కూర్చుని ఉంది. పొరపాటైతే పొరపాటేనని ఒక్క మాట చెప్పు. కాకపోతే ఆ నీళ్ళు ఇచ్చింది ఎవరో చెప్పు, వాళ్ళకు కూడా ఒక డబ్బా పప్పుల పొడి పంపుతాను. రక్త పరీక్ష చేయించుకో, డబ్బులు వేస్తాను, నీ జీతం నాకు తెలుసు అయినా వేస్తాను.

రాగిపిండి పైసంచిలో ఉంది. రాత్రి రెండు చెంచాలు చల్లనీళ్ళలో కలిపి, మరిగే నీళ్ళలో పోసి, అడుగంటకుండా కలుపుతూ ఉడికించుకో. చల్లనీళ్ళలో కలపకుండా వేస్తే ఉండ కడుతుంది. పొద్దున మజ్జిగ పోసి ఒక సీసాలో పట్టుకుపోతే బస్సులో తాగొచ్చు. మీ ఊరి ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చునే ఉంటావు కదా.

ఎర్రమూత డబ్బా మాత్రం బుడ్డోడి చేతనే తిరిగి పంపు. పోయినసారి పంపిన రెండింటికి మూతలు రాలేదని మీ అమ్మ ఇప్పటికీ అంటోంది. బుధవారం రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాను. ఎత్తు.

నాన్న