ఆ ప్రశ్నకు 'నో' నొక్కినవాణ్ణి

అమెరికా హోమ్‌లాండ్ సెక్యూరిటీ మంత్రి గారికి,

వీసా కోసం అందరిలాగే నేనూ డీఎస్‌-160 ఫారం నింపాను. నింపింది నేను కాదు లెండి, అమీర్‌పేటలో కన్సల్టెన్సీ కుర్రాడు. వరసగా 'నో', 'నో' అని నొక్కుకుపోతుంటే ఒకచోట ఆపించాను. బాల సైనికుల్ని ఎప్పుడైనా చేర్చుకున్నారా, వాడుకున్నారా అని ఉంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఏళ్ల తర్వాత పౌరసత్వం ఫారంలోనూ ఆ ప్రశ్నే ఎదురైంది. అప్పటికి ఆఫ్రికాలోని ఉత్తర ఉగాండా గురించి కాస్త చదివి ఉన్నాను, నవ్వు రాలేదు.

మీ 2008 చట్టం ప్రకారం 15 ఏళ్లలోపు పిల్లల్ని యుద్ధంలోకి దింపినవాడికి ఇక్కడ చోటు లేదు. మంచిదే. మరి ఆ తుపాకి మోసిన పిల్లాడే ఆశ్రయం కోరి వచ్చి తలుపు తడితే?

ఉత్తర ఉగాండాలో పుట్టిన లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు ముఠా వేలమంది పిల్లల్ని ఇళ్లలోంచి, బడిదారుల్లోంచి ఎత్తుకుపోయింది. చాలామందితో మొదట్లోనే పక్కింటివాణ్ణో, అయినవాళ్లనో చంపించింది. మళ్లీ ఊరి మొహం చూడలేకుండా చేయడమే దాని లెక్క. తప్పించుకొచ్చినవాళ్ల చేత అక్కడి అచోలీ తెగ ఊళ్లలో, శుద్ధి ఆచారంగా, దారిలో పెట్టిన కోడిగుడ్డును కాలితో చిదిమించి లోపలికి పిలుచుకున్నారు. ఉగాండా 2000లో క్షమాభిక్ష చట్టమూ తెచ్చింది. ఇంటికి తిరిగి వెళ్లడానికి ఇంకేం భయం అని మీ అధికారి అడగవచ్చు. గుడ్డు చిదిమినంత మాత్రాన చనిపోయినవాడి తమ్ముడు మర్చిపోతాడా?

ఆ ముఠాను మీ ప్రభుత్వం 2001లోనే ఉగ్రవాద జాబితాలో చేర్చింది. కాబట్టి మీ చట్టం దృష్టిలో దెబ్బలకు భయపడి మూట మోసిన పిల్లాడూ దానికి సాయం చేసినవాడే, అంటే ఆశ్రయానికి అనర్హుడే. అతిగా అంటున్నానా? ఎల్ సాల్వడార్‌లో గెరిల్లాలు ఒకామెను ఎత్తుకుపోయి, ఆమె కళ్లముందే భర్తను చంపి, ఆమెతో వంట చేయించారు, బట్టలు ఉతికించారు. అదీ ఉగ్రవాదానికి సాయమేనని మీ ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2018లో తేల్చింది. ఇక ఇతరుల్ని హింసించినవాడికి ఆశ్రయం లేదన్న నిబంధన ఉండనే ఉంది. ఇంటికి దారి మూయడానికి ముఠా చేయించిన హత్యే, ఇక్కడ తలుపు మూయడానికి మీకు కారణమవుతోంది.

బలవంతపు సాయానికి మినహాయింపు ఇచ్చే అధికారం మీ చేతిలోనే ఉంది, 2007లో మీ శాఖ దాన్ని వాడింది కూడా. కానీ దానికి ఫారం లేదు, అడగడానికి కౌంటరూ లేదు. ఫైలు మిగతా పరీక్షలన్నీ దాటాక అధికారే తలుచుకోవాలి. 15 ఏళ్లలోపే ముఠా చేతికి చిక్కినవాళ్ల ఫైలు వస్తే ముందుగా ఈ మినహాయింపే చూడమని ఒక ఆదేశం ఇవ్వండి. హింస నిబంధన మార్చడం మీ ఒక్కరి వల్ల కాదని తెలుసు. దానికోసం మా కాంగ్రెస్ సభ్యుడికి వేరే ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక తెలుగువాడు