నైరోబీ పరుగు గురించి శ్రీనివాస్‌కు ఉత్తరం

హనుమకొండ

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. 2021 ఆగస్టులో నైరోబీలో జరిగిన అండర్-20 ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల 800 మీటర్ల ఫైనల్ చాలా గొప్ప పరుగని వ్రాశావు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ "అదే కుర్రవాడు టోక్యోకు వెళ్ళి ఉంటే ఒలింపిక్ స్వర్ణం అతనిదే" అని తేల్చేశావు చూడు, ఆ మాట మాత్రం నాకు మింగుడు పడలేదు.

ముందు నీ వైపున్న న్యాయమెంతో చెబుతాను. ఆగస్టు 22న కసరానీ స్టేడియంలో కెన్యా కుర్రవాడు ఇమ్మాన్యుయేల్ వన్యోన్యీ 1 నిమిషం 43.76 సెకన్లలో గెలిచాడు. అప్పటికి అతనికి పదిహేడేళ్ళు నిండి నెల కూడా కాలేదు. 2012లో బార్సిలోనాలో బోట్స్వానా పరుగువీరుడు నైజెల్ ఏమోస్ నెలకొల్పిన 1:43.79 పోటీల రికార్డు దానితో చెరిగిపోయింది. రెండో స్థానంలో వచ్చిన నోవా కిబెట్ సమయం 1:44.88. అంతకు పద్దెనిమిది రోజుల ముందు, ఆగస్టు 4న, టోక్యోలో ఎమ్మాన్యుయేల్ కోరిర్ ఒలింపిక్ స్వర్ణం గెలిచిన సమయమేమో 1:45.06. అంటే ఇద్దరు కుర్రవాళ్ళూ ఒలింపిక్ విజేత కంటే వేగంగా పరుగెత్తారన్నమాట! పైగా నైరోబీ సముద్రమట్టానికి పదహారు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. పలుచని గాలి వంద మీటర్ల వాడికి లాభమే గానీ, శక్తిలో సగానికి మించి ఆక్సిజన్ మీద ఆధారపడే 800 మీటర్ల వాడికి నష్టం. మన శ్రీరామ్ సింగ్ 1976లో మాంట్రియల్‌లో నెలకొల్పిన 1:45.77 జాతీయ రికార్డు 2018 వరకు చెక్కుచెదరలేదు. వన్యోన్యీ దానికంటే రెండు సెకన్లు ముందున్నాడు. ఆ వేగంలో రెండు సెకన్లంటే దాదాపు పదిహేను మీటర్ల దూరం.

అయితే పతకం కోసం పరుగెత్తడం వేరు, గడియారంతో పరుగెత్తడం వేరు. ఛాంపియన్‌షిప్‌లో పేస్‌మేకర్ (మిగతావాళ్ళ కోసం ముందు పరుగెత్తి వేగం నిలబెట్టేవాడు) ఉండడు, ముందుకు వెళ్ళినవాడు వెనకవాళ్ళ కోసం గాలిని చీలుస్తూ పోవాలి కాబట్టి ఎవరూ త్వరపడరు. టోక్యో ఫైనల్లో అదే జరిగింది. మొదటి చుట్టంతా ఒకరినొకరు కనిపెట్టుకుంటూ నెమ్మదిగా సాగి, అసలు పరుగును చివరకు దాచుకున్నారు. అటువంటి పరుగులో గెలిచిన సమయం గెలిచినవాడి సత్తాకు కొలత కాదు. ఇంకో సంగతి కూడా ఉంది, కోవిడ్ కారణంగా అమెరికా, బ్రిటన్ వంటి దేశాలు నైరోబీకి జట్లనే పంపలేదు.

ఆ మరుసటి నెల మన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ పోటీలు జరిగినప్పుడు నేను మొదటి మలుపు చివర నిలబడి 800 మీటర్లు చూశాను. ఎవరి లేన్‌లో వాళ్ళు పరుగెత్తే తొలి వంద మీటర్లు అక్కడితో అయిపోయి, అందరూ ఒక్కసారిగా లోపలి గీత వైపు ఒరుగుతారు. టీవీలో అది ఎంతో సాఫీగా కనబడుతుంది గానీ, దగ్గర నుంచి చూస్తే మోచేతులు డొక్కల్లో తగులుతుంటాయి, స్పైకుల చప్పుడు ఒకదాని మీద ఒకటి పడుతుంది. అడుగు తడబడిన ఒక కుర్రవాడు ముందువాడి వీపు మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకోవడం చూశాను. ఆ గుంపులో ఇరుక్కోకుండా బయటికి తప్పుకుందామా అంటే, ఒక మలుపంతా రెండో లేన్‌లో పరుగెత్తినందుకు మూడున్నర మీటర్లకు పైగా అదనంగా చెల్లించుకోవాలి. ఎనిమిది మంది పెద్దవాళ్ళ మధ్య ఈ లెక్కలన్నీ ఊపిరాడని స్థితిలో వేసుకోవలసి వస్తుంది.

ఇది నా ఊహ అంటావేమో, 2022లో యూజీన్ ప్రపంచ పోటీల్లో ఏం జరిగిందో చూడు. ఫైనల్లో కోరిర్, వన్యోన్యీ ఇద్దరూ ఉన్నారు. కోరిర్ 1:43.71తో స్వర్ణం గెలిచాడు, వన్యోన్యీ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. నువ్వు కోరుకున్న పోటీ సరిగ్గా ఏడాది ఆలస్యంగా జరిగిందనుకో! 2023లో బుడాపెస్ట్‌లో రజతం వచ్చింది, అక్కడా కెనడాకు చెందిన మార్కో ఆరోప్ వెనకే. ఆ తర్వాత 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ముందుండి నడిపించి, చివరి మీటర్లలో మీద పడబోయిన ఆరోప్‌ను 1:41.19కి, అంటే సెకనులో నూరో వంతు తేడాతో ఆపాడు. పత్రికలు అతను పశువులు కాసిన కథనే పదేపదే వ్రాస్తాయి, దానికంటే ఈ మూడేళ్ళ చదువే నాకు ఆసక్తిగా ఉంటుంది. 2007లో ఇదే 800 మీటర్లలో ప్రపంచ విజేత అయిన జానెత్ జెప్‌కోస్గీ అతనికి తొలినాళ్ళలో చేయూతనిచ్చిందని నీకు తెలుసు కదా.

టోక్యో, నైరోబీ, యూజీన్ ఫైనల్స్ మూడింటినీ తేదీల వరుసలో ఒకేసారి కూర్చుని చూడు. గెలిచినవాడిని వదిలేసి, రెండో చుట్టులో అవతలి వైపు నిడుపు దారిలో ఎవరు ఏ లేన్‌లో ఉన్నారో గమనించు. ఆ తర్వాత కూడా నీ మాట మీదే నిలబడితే, వచ్చే ఉత్తరంలో కారణాలతో సహా వ్రాయి.

నీ
మురళి