పతకం అంచు చూడండి

సంపాదకులకు,

కన్నుమూసిన మాజీ సైనికుల చరిత్ర కూర్చుకునే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి తెలుగు కుటుంబాలు ముందు వెతకాల్సింది పేరు కాదు, సర్వీసు నంబరు. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరం, ఇంకోదాంట్లో మాయం. నంబరు సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కులోనూ, చాలా పతకాల అంచు మీదా ఉంటుంది. జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) అయినవారికి కొత్త నంబరు ఇస్తారు, రెండూ రాసుకోండి. పతకాన్ని పాలిష్‌తో తోమితే చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. బుక్కుకి లామినేషన్ చేయించడం మరీ ఘోరం, మళ్లీ ఊడదీయలేం.

ఒడిశా వేరే ప్రావిన్సుగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1కి ముందు చేరినవారి స్వస్థలం రికార్డుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా; ఒడిశా అని వెతికితే దొరకదు. మద్రాస్ రెజిమెంట్ వారైతే తమిళనాడులోని వెల్లింగ్టన్ రికార్డ్స్ ఆఫీసుకి నంబరు, మరణ ధ్రువపత్రం, బంధుత్వ రుజువు జతచేసి రాయాలి. పేరు స్పెల్లింగు బుక్కులో ఉన్నట్టే, తప్పైనా సరే.

— మాజీ సైనికుల కుటుంబీకులు, బరంపురం