చిన్న షెడ్ల బిల్లులు టైంకి ఇప్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

బాలానగర్‌లో చిన్న లేత్ (ఇనుము చెక్కే మెషిన్) షెడ్డు పెట్టి ముప్పై ఏళ్లు జాబ్ వర్క్, అంటే కంపెనీల ఆర్డర్ మీద పని, చేసి ఇప్పుడు రిటైరయ్యాను. రాత్రి పదింటికి ఇంటికెళ్తే మా ఆవిడ అన్నం వేడి చేసి పెట్టేది, నా గోళ్లలో ఆయిల్ నలుపు ఎంత తోమినా పోయేది కాదు, పిల్లలు అప్పటికే నిద్రపోయేవాళ్లు. పనికన్నా బిల్లుల కోసం తిరగడానికే ఎక్కువ టైం పోయేదండీ. ఒక పెద్ద కంపెనీ ఎనిమిది నెలలు డబ్బు ఆపితే కుర్రాళ్ల జీతాలకి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం కంపెనీలు మాకు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో కట్టాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ, కానీ కేసేస్తే మళ్లీ ఆర్డర్ రాదని భయపడి నోరు మూసుకున్నాం. ఇప్పుడు షెడ్డు మావాడు నడుపుతున్నాడు, వాడొచ్చేసరికి మనవరాలు నిద్రపోతోంది. దీని గురించి మీ పేపర్లో గట్టిగా రాయండి సార్.

ఇట్లు,
ఓ రిటైర్డ్ షెడ్డు ఓనర్, హైదరాబాద్