పెన్‌డ్రైవ్ నింపి ఇచ్చిన మాస్టారికి కృతజ్ఞతలు

జిల్లా కేంద్రంలో ట్రైనింగ్ చివరి రోజు, టీ విరామంలో నా పక్కన కూర్చున్న మాస్టారూ, మీ పేరు కూడా అడగలేకపోయాను. "మా ఊళ్లో నెట్ సరిగా రాదండీ, వీడియోలు ఎలా చూడను?" అని నేనంటే, మీరు వెంటనే లాప్‌టాప్ తెరిచి నా పెన్‌డ్రైవ్ నిండా ఫిజిక్స్ పాఠాలు కాపీ చేసిచ్చారు. బస్సు తప్పిపోతుందని తెలిసీ అది పూర్తయ్యేదాకా కూర్చున్నారు.

అందులో ఎన్‌పీటెల్ అనే ఉచిత ఆన్‌లైన్ కోర్సుల వీడియో పాఠాలున్నాయి, అరవింద్ గుప్తా గారి సైన్సు బొమ్మల వీడియోలున్నాయి. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ ఇంజినీరింగ్ పిల్లలకే అనుకునేదాన్ని. నిజానికి నాకే ఎక్కువ పనికొచ్చింది. పిల్లలకి చెప్పేముందు నాకు అర్థం కావాలి కదా!

ఏటా పదో తరగతిలో మోటారు చేయించేదాన్ని. తీగచుట్ట కాస్త ఊగి ఆగిపోయేది. ఆ పాఠాలు చూశాకే తెలిసింది, రాగితీగ రెండు కొసల్లోనూ ఎనామిల్ పూత (కరెంటు పోనివ్వని పొర) మొత్తం గీకేయడమే నా తప్పని. ఒక కొసన సగం వైపే గీకాలి. అప్పుడు ప్రతి చుట్టులో సగంసేపు కరెంటు ఆగి, చుట్ట తన ఊపుతోనే ముందుకెళ్తుంది. లేకపోతే ఆ సగంలో బలం వెనక్కి తిప్పుతుంది. ఈసారి బ్యాటరీ, రెండు పిన్నీసులు, ఒక అయస్కాంతంతో అది గిర్రున తిరిగింది. వెనక బెంచీ పిల్లలు బల్లెక్కి మరీ చూశారు.

మాస్టారూ, మీకు చాలా చాలా థాంక్స్. మీరు కాపీ చేసిచ్చిన పాఠాలు ఇప్పుడు మా మండలంలో ఇంకో నలుగురు టీచర్ల దగ్గరున్నాయి.