స్కీయింగ్‌కి ఇచ్చే డబ్బులు దండగేం కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో ఒకాయన రాశారు, మన టాక్స్ డబ్బులు తీసుకెళ్లి స్కీయింగ్ వాళ్లకి పోయడమేంటి, 45వ ప్లేస్ వచ్చినోడికి లక్షలా అని. ఇక్కడ మారతహళ్లి మెస్‌లో కూడా అదే టాపిక్ పెట్టి నవ్వుకున్నారు, నాకు ఒళ్లు మండింది.

ఆ 45వ ప్లేస్ కశ్మీర్‌లోని గుల్‌మర్గ్ స్కీయర్ ఆరిఫ్ ఖాన్‌ది. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లిందే ఆయనొక్కడు, జెయింట్ స్లాలమ్ (వాలు మీద జెండాల మధ్య మలుపులు తిరుగుతూ రెండుసార్లు దిగే రేసు) రోజు మంచు కురుస్తా ఉంటే దిగినవాళ్లలో సగం మంది దాకా రేసు పూర్తి చేయలేకపోయారు, ఈయన రెండు రన్నులూ పూర్తి చేశాడు. ఇంతకీ ఒలింపిక్స్‌కి వెళ్లేవాళ్లకి సాయం చేసే కేంద్రం వారి టాప్స్ స్కీమ్ కింద ఆయనకి శాంక్షన్ చేసింది 17.46 లక్షలు సార్, బెంగళూరులో ఫ్లాట్‌కి ఇంటీరియర్స్ చేయిస్తే అయిపోయే డబ్బు, అదీ గేమ్స్‌కి ఇంకో నెల ఉందనగా. 2018 వింటర్ ఒలింపిక్స్‌కి డబ్బుల్లేకే ఆయన ఛాన్స్ పోయింది. ఒలింపిక్స్‌కి క్వాలిఫై అవ్వాలంటే యూరప్‌లో రేసు మీద రేసు తిరిగి అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఇచ్చే ఎఫ్‌ఐఎస్ పాయింట్లు (ఎంత తక్కువుంటే అంత మంచిది) తగ్గించుకుంటా రావాలి, కోచ్, హోటల్, లిఫ్ట్ పాస్ అన్నీ అప్పుడే కదా ఖర్చు, క్వాలిఫై అయ్యాక ఇస్తే ఏం లాభం?

ఇక గుల్‌మర్గ్ ఊరికేం ఒరిగింది అంటారా, ఆరిఫ్ వాళ్ల నాన్నదే స్కీ సామాన్ల షాపు. అక్కడ బూట్లు అద్దెకిచ్చేవాళ్లు, నేర్పించేవాళ్లు, స్లెడ్జ్ మీద మనల్ని కూర్చోబెట్టి లాగే కుర్రాళ్లు అందరూ మంచు సీజన్ మీద బతికేవాళ్లే. 2024 జనవరిలో మంచు పడలేదు, బుకింగ్స్ క్యాన్సిల్. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ కూడా మంచు లేక వాయిదా వేశారు. ఆటకి పేరొస్తే ఊరికీ పేరొస్తుంది. కోటి జనాభా కూడా లేని ఆస్ట్రియాలో చూడండి, కిట్జ్‌బూల్ అనే ఊళ్లో జరిగే స్కీ రేసు టీవీలో వస్తే అదే వాళ్ల టూరిజానికి యాడ్. ఒక్క మెడల్‌తో గుల్‌మర్గ్ కిట్జ్‌బూల్ అయిపోతుందని నేననట్లా, కిట్జ్‌బూల్ రోడ్లూ హోటళ్లూ వేరే లెవెల్.

జనవరి వస్తే మా ఆఫీసులో సగం మంది గుల్‌మర్గ్ గొండోలా (కేబుల్ కార్) ఎక్కి ఫోటోలు పెడతారు, ఆ గొండోలా నడిపేది జమ్మూ కశ్మీర్ ప్రభుత్వ కార్పొరేషనే. ఆ టికెట్ డబ్బుల్లో కొంత అక్కడి పిల్లల స్కీ ట్రైనింగ్‌కి ఏటా పక్కన పెడితే ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. ఎండాకాలంలో ఆ పిల్లల్ని మా బెంగళూరులోని సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్‌కి పంపినా ఫిట్‌నెస్ ట్రైనింగ్ జరిగిపోతుంది, దానికి మంచుతో పనేం లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు